తెలియుట వేరు, కనబడుట వేరు: ఎన్నికల గుర్తులపై ఒక విమర్శ

చేటలో బియ్యము పోసికొని రాళ్లు ఏరుట తెలుగువారి ఇండ్లలో చిరకాలముగా ఉన్న పని. నల్లరాయి చేటలో ఏ మూలనున్నను కన్ను దానిని చటుక్కున పట్టుకొనును. బియ్యము దోసెడున్నను, నాలుగు దోసెళ్లున్నను ఆ పనిలో పెద్ద భేదము కనబడదు. తెల్లరాయి సంగతి అట్లు కాదు. దాని రంగు గింజ రంగే. పరిమాణము గింజ పరిమాణమే. దానిని పట్టుటకు గింజలను జరుపుచు, చేటలో ఒక్కొక్క భాగమునే చూచుచు పోవలెను. బియ్యము ఎక్కువైన కొలది కాలమును ఎక్కువగును. అంత శ్రమపడినను ఒక రాయి తప్పించుకొని పంటి కింద పడును. ఏరువారికి రాయి ఏదో గింజ ఏదో తెలియక ఇట్లు జరుగుట లేదు. రెంటిని అరచేతిలో పెట్టి అడిగినచో పసిపిల్ల కూడ చెప్పగలదు. తెలియుట వేరు; గుంపులో కనబడుట వేరు.

బియ్యములో రాయి తప్పినచో పన్ను నొచ్చును. ఓటు వేయుచోట ఇట్టి పొరపాటు జరిగినచో ఒక పౌరుని అభిప్రాయము మరియొకరి లెక్కలో పడును. ఓటు యంత్రముపై ఉండు పట్టిక ఒక సమాచార ఫలకము. అభ్యర్థుల పేర్లు, ఫొటోలు, గుర్తులు అందు ఒకదాని కింద ఒకటి ఉండును. చదువురాని ఓటరుకు గుర్తే పేరు. ఆ గుర్తు ఏ వస్తువును చూపుచున్నదో ప్రజలకు తెలియునా అని అడుగుట మన దేశములో 1951 నాటి నుండియు ఉన్నది. తోడి గుర్తుల నడుమ అది ఎంత త్వరగా, ఎంత తప్పు లేకుండ కంటికి దొరకును అని అడుగుట మాత్రము ఇంకను అలవాటు కాలేదు. ఈ రెండవ ప్రశ్నను విడిచిపెట్టుటయే ఎన్నికల గుర్తుల ఏర్పాటులోని పెద్ద లోపము.

గుర్తుల పుట్టుక

1951 జనాభా లెక్కల నాటికి దేశములో అక్షరాస్యులు నూటికి సుమారు 18 మంది మాత్రమే. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో వయోజనులందరికి ఓటు హక్కు లభించెను. పేర్లు చదువలేని కోట్లాది ప్రజలు తమ అభ్యర్థిని ఎట్లు గుర్తింపగలరు? దీనికి సమాధానముగా పార్టీలకు గుర్తులు ఇచ్చిరి. కాంగ్రెసుకు కాడి కట్టిన ఎడ్ల జత, సోషలిస్టు పార్టీకి చెట్టు, కమ్యూనిస్టు పార్టీకి కంకి కొడవలి, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి గుడిసె వచ్చెను. గుర్తు జనులకు నిత్యము పరిచయమైన వస్తువు కావలెననియు, మత సంబంధమైన భావములను రేపునది కాకూడదనియు నియమము పెట్టుకొనిరి.

ఆనాటి పద్ధతికి ఈ ఆలోచన చక్కగా సరిపోయినది. అప్పుడు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉండెడిది. పెట్టెపై ఆ అభ్యర్థి గుర్తు అంటించెడివారు. ఓటరు కాగితముపై ఏ గీతయు గీయనక్కరలేకుండ తనకు నచ్చిన గుర్తు గల పెట్టెలో దానిని వేసెడివాడు. మొదటి లోకసభకు 489 స్థానములకు 1,874 మంది పోటీచేసిరి. అనగా స్థానమునకు సగటున నలుగురికి లోపే. కొలది పెట్టెలు, ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క బొమ్మ. పెట్టె దగ్గరకు పోయి చూచినచో చాలును. అచ్చట కావలసినది గుర్తించు శక్తి మాత్రమే. వెదకు శక్తితో అంతగా పనిలేదు.

1957 ఎన్నికలలోను పెట్టెల పద్ధతియే సాగెను. 1962 సాధారణ ఎన్నికల నాటికి అభ్యర్థులందరి పేర్లు, గుర్తులు ఒకే కాగితముపై అచ్చువేసి, ఓటరు చేత ముద్ర వేయించు పద్ధతి వచ్చెను. 1982లో కేరళలోని పరవూరులో ఓటు యంత్రమును మొదటిసారి వాడి చూచిరి. 2004 లోకసభ ఎన్నికలలో దేశమంతట యంత్రములే వాడబడెను. పెట్టెల కాలములో విడివిడిగా ఉండిన గుర్తులు ఈ విధముగా ఒకే ఫలకముపైకి చేరి, ఇరుగుపొరుగు అయినవి. ఓటరు పనియే మారిపోయినది. గుర్తించుటకు ముందు వెదకవలసి వచ్చినది. కాని గుర్తులను ఎన్నుకొను సూత్రము మాత్రము పెట్టెల కాలము నాటిదే నిలిచినది.

ఈ మార్పు ఎంత పెద్దదో తెలుగు జిల్లాలే చాటి చెప్పినవి. 1996లో ఫ్లోరైడు నీటి బాధను దేశము దృష్టికి తెచ్చుటకై నల్లగొండ లోకసభ స్థానమునకు వందలకొలది మంది నామినేషను వేయగా 480 మంది బరిలో నిలిచిరి. అదే సంవత్సరము తమిళనాడులోని మొదకురిచ్చి శాసనసభ స్థానమునకు 1,033 మంది పోటీచేసిరి. తరువాత డిపాజిట్టు మొత్తమును పెంచిరి. అయినను 2019లో నిజామాబాదు లోకసభ స్థానమునకు 185 మంది నిలిచిరి; వారిలో 178 మంది పంట ధరల కొరకు నిరసన తెలుపుచున్న రైతులు. ఒక యంత్ర భాగముపై 16 వరుసలు మాత్రమే పట్టును. కావున ఒక్కొక్క ఓటరు ముందు 12 భాగములను పేర్చవలసి వచ్చెను. పన్నెండు పలకలపై పరచిన నూటయెనుబదికి మించిన బొమ్మలలో తన బొమ్మను పట్టుకొనుట ఆనాటి ఓటరు పని.

కన్ను ఎట్లు వెదకును?

కన్ను ఫొటో కెమెరా వలె దృశ్యమునంతటిని ఒకే స్పష్టతతో చూడదు. చేయి చాచి బొటనవేలిని నిలువుగా పెట్టినచో ఆ వేలి వెడల్పు కంటి వద్ద సుమారు 2 డిగ్రీల కోణము చేయును. సూక్ష్మమైన వివరములను చక్కగా చూడగల భాగము రమారమి అంత మాత్రమే. మిగిలిన దృశ్యము అంచులకు పోయిన కొలది మసకబారును. కన్ను సెకనుకు మూడు నాలుగు మార్లు చోటు మారుచు, ఆగుచు, దూకుచు చూచును. 50 సెంటీమీటర్ల దూరములో 2 సెంటీమీటర్ల బొమ్మ ఉన్నచో అది కంటి వద్ద 2 డిగ్రీలకు కొంచెము మించిన కోణము చేయును. అనగా కన్ను ఒక్క ఆగుడులో అట్టి బొమ్మను ఒక్కదానినే వివరముగా చూడగలదు. పై వరుసలు, కింది వరుసలు అప్పటికి మసక లోకములోనే ఉండును.

ఆ మసక లోకములో మరియొక చిక్కు కలదు. పక్కచూపులో ఒక బొమ్మ ఒంటరిగా ఉన్నచో పోల్చుకొనవచ్చును. దాని చుట్టును ఇతర బొమ్మలు చేరినచో వాని గీతలు ఒకదానితో ఒకటి కలిసిపోయినట్లు తోచి, ఏది ఏదో తెలియకపోవును. ఈ గుంపు దోషమును కొలిచిన బౌమా అను హాలెండు శాస్త్రజ్ఞుడు 1970లో ఒక సులువైన లెక్క చెప్పెను. కంటిచూపు నిలిచిన చోటు నుండి ఒక బొమ్మ ఎంత దూరములో ఉన్నదో, అందులో సుమారు సగము దూరము వరకు దాని చుట్టును ఖాళీ ఉండవలెను. లేనిచో పొరుగు బొమ్మలు దానిని చెరచును. ఓటు పట్టికలో వరుసలు ఒకదానినొకటి ఆనుకొని ఉండును గనుక ఈ దోషమునకు అచ్చట కొదవ లేదు.

ఇక వెదకుటను గూర్చిన ప్రయోగములు. ఆన్ ట్రైస్మన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, గ్యారీ జెలాడ్ కలిసి 1980లో ప్రకటించిన పరిశోధన ఇందు ప్రసిద్ధమైనది. ఇంగ్లీషు అక్షరములను 30 వరకు చెదరగొట్టి, వాని నడుమ ఒక దానిని వెదకుమనిరి. వెదకునది నీలిరంగు అక్షరమైనచో చుట్టును ఎన్ని ఉన్నను కాలము దాదాపు మారలేదు. ఇది చేటలోని నల్లరాయి. గోధుమరంగు 'టి' లు, ఆకుపచ్చ 'ఎక్స్' లు కలిపి చల్లి, వానిలో ఆకుపచ్చ 'టి' ని వెదకుమన్నప్పుడు కథ మారెను. రంగు ఒక్కటియే చూచినను చాలదు, ఆకారము ఒక్కటియే చూచినను చాలదు. రెండును కలిపి చూడవలెను. అప్పుడు ఒక్కొక్క అక్షరము పెరిగిన కొలది సుమారు 30 మిల్లీసెకండ్ల చొప్పున కాలము పెరిగెను. వెదకునది అసలే లేనప్పుడు, లేదని నిశ్చయించుకొనుటకు అంతకు రెట్టింపునకు మించి పట్టెను. ఇది తెల్లరాయి.

ఒక్క గుణము చేత వెదకుట, కలగలుపు గుణముల చేత వెదకుట అను ఈ విభజన అంత కచ్చితమైనది కాదనియు, రెంటికి నడుమ అనేక మెట్లు కలవనియు తరువాతి పరిశోధకులు చూపిరి. 1989లో డంకన్, హంఫ్రీస్ అనువారు ఆ మెట్లకు రెండు కారణములు చెప్పిరి. వెదకునది ఇతరములను పోలిన కొలది పని కష్టమగును. ఇతరములు తమలో తాము ఒకదానినొకటి పోలని కొలది కూడ పని కష్టమగును. కందిపప్పులో ఒక పెసరగింజను ఏరుట తేలిక; పది రకముల పప్పులు కలిసిన గంపలో అదే పెసరగింజను ఏరుట కష్టము. ఓటు పట్టికలో ఈ రెండవ కష్టము తప్పనిది. ప్రతి అభ్యర్థికి వేరు వేరు బొమ్మ ఉండవలెను గదా! కావుననే మొదటి కష్టమును పెరగనీయకుండుట మరింత అవసరము.

పట్టికకు పెట్టవలసిన పరీక్ష

ఎన్నికల గుర్తులు రెండు తెగలు. గుర్తింపు పొందిన పార్టీలకు స్థిరముగా కేటాయించినవి మొదటివి. స్వతంత్రులకు, చిన్న పార్టీలకు ఎన్నిక ఎన్నికకు పంచి ఇచ్చు స్వేచ్ఛా గుర్తులు రెండవవి. ఈ బొమ్మలలో పెక్కింటిని ఎన్నికల సంఘములో చిత్రకారుడుగా పనిచేసి 1992లో పదవి విరమించిన ఎం. ఎస్. సేఠీ పెన్సిలుతో గీసెను. ఒక్కొక్క బొమ్మను విడిగా చూచినచో ఆయన చేతి నైపుణ్యమును మెచ్చుకొనక తప్పదు. కుట్టుమిషను కుట్టుమిషను వలెనే ఉన్నది. టేబుల్ ఫ్యాను టేబుల్ ఫ్యాను వలెనే ఉన్నది. వస్తువును పోల్చుకొనుటలో ఏ సందేహమునకును తావులేదు. గుర్తించుట అను మొదటి పరీక్షలో ఇవి నెగ్గినవి.

వెదకుట అను రెండవ పరీక్షలో వీనికి మూడు లోపములు కనబడును.

మొదటిది, భేదమంతయు ఆకారము మీదనే మోపబడినది. గుర్తులన్నియు తెల్లని కాగితముపై నల్లని గీతలు. పరిమాణమును దాదాపు ఒక్కటే. పటములు గీయుటలో ప్రసిద్ధుడైన జాక్ బెర్తాఁ అను ఫ్రెంచి పండితుడు 1967లో వెలువరించిన గ్రంథములో, చిహ్నముల మధ్య చూపదగిన భేదములను పరిమాణము, నలుపు తెలుపుల గాఢత, అల్లిక, రంగు, వాలు, ఆకారము అని విభజించెను. వీనిలో ఒక తెగను చూడగానే విడదీసి చూపు శక్తి ఆకారమునకు అన్నిటికంటె తక్కువ అని ఆయన నిర్ణయము. ఓటు పట్టిక సరిగా ఆ బలహీనమైన సాధనము మీదనే ఆధారపడి ఉన్నది.

రెండవది, గుర్తులుగా ఎన్నుకొన్న వస్తువులు. అల్మారా, బ్రీఫ్ కేసు, సూట్ కేసు, టెలివిజన్, రిఫ్రిజిరేటరు, నల్లబల్ల, క్యారమ్ బోర్డు, కవరు, ఎయిర్ కండిషనరు, కంప్యూటరు. ఇవి అన్నియు పేరునకు వేరు, ఉపయోగమునకు వేరు. కన్ను సగము మూసి చూచినచో అన్నియు పెట్టెలే! ఇంటి సామాను పట్టిక పెరిగిన కొలది నలుచదరపు బొమ్మలు పెరిగినవి. జంతువులను, పక్షులను కొత్తగా గుర్తులుగా ఇచ్చుట మానిరి. జీవుల పట్ల దయతో చేసిన పని గనుక దానిని తప్పుపట్టుటకు వీలులేదు. కాని ఏనుగు, ఒంటె, కోడిపుంజు వంటి వానికి దూరము నుండియే తెలియు అంచు కలదు. ఆ అంచుల సంపద పోయిన తరువాత దాని స్థానమున వచ్చినవి ఎక్కువగా పెట్టెలును, గిన్నెలును, చక్రములు గల బండ్లును.

మూడవది, గీసిన పద్ధతి. సన్నని గీతలతో లోపలి వివరములన్నియు చూపుట దగ్గరగా చూచువారికి అందము. మసక చూపునకు అవి అన్నియు కలిసి బూడిదరంగు మరక యగును. చత్వారము వచ్చి కంటద్దములు లేని ముసలివారికి నేరుచూపు కూడ మసక చూపే. 1925లో వియన్నాలో సామాజిక, ఆర్థిక విషయముల మ్యూజియమును స్థాపించిన ఓటో నోయ్‌రాత్ చదువు తక్కువైన వారికి లెక్కలు బోధించుటకు బొమ్మల భాషను నిర్మించెను. గెర్డ్ ఆర్న్‌ట్జ్ అను చిత్రకారుడు ఆయనకై గీసిన బొమ్మలు వివరములు విడిచి, నిండుగా నలుపు నింపిన నీడబొమ్మలు. అవి గోడపై దూరమున ఉన్నను పోల్చుకొనవచ్చును. అంచు ఒక్కటే చాలని వస్తువును ఆ పద్ధతిలో గుర్తుగా తీసికొనుటకే వీలుండదు. ఆ నిబంధన గుర్తుల పట్టికకు కూడ ఉండియున్నచో సగము పెట్టెలు మొదటనే తొలగి ఉండెడివి.

కారు, రోడ్డు రోలరు తగవు

ఈ లోపములు పుస్తకములకు మాత్రమే సంబంధించినవి కావని తెలంగాణలోని ఒక తగవు తెలుపుచున్నది. కారు గుర్తు గల తెలంగాణ రాష్ట్ర సమితి, తరువాత భారత రాష్ట్ర సమితి అయిన పార్టీ, తన గుర్తును పోలిన స్వేచ్ఛా గుర్తుల వలన ఓట్లు దారితప్పుచున్నవని పలుమార్లు ఫిర్యాదు చేసెను. 2022 మునుగోడు ఉప ఎన్నికకు ముందు అది తొలగింపుమని కోరినవి ఎనిమిది: కెమెరా, చపాతీలు వత్తు కర్ర, డోలీ, రోడ్డు రోలరు, సబ్బుపెట్టె, టెలివిజన్, కుట్టుమిషను, ఓడ. తన వాదమునకు ఆధారముగా పాత ఎన్నికల లెక్కలు చూపెను. 2019లో భువనగిరి లోకసభ స్థానములో ఆ పార్టీ 5 వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయెను. అక్కడ రోడ్డు రోలరు గుర్తునకు 27 వేలకు పైగా ఓట్లు పడినవి. వివాదము సుప్రీంకోర్టు వరకు పోయెను. 2023 అక్టోబరులో న్యాయస్థానము ఆ అభ్యర్థనను త్రోసిపుచ్చెను. కారునకు, ఇతర వస్తువులకు గల భేదము తెలియనంత అమాయకులు కారు ఓటర్లు అన్నది అప్పుడు వ్యక్తమైన అభిప్రాయము.

ఎవరి పక్షము వహింపకుండ శాస్త్ర దృష్టితో చూచినచో రెండు వాదములలోను కొరత కలదు.

ఓట్ల లెక్క మాత్రము చూపుట నిరూపణ కాదు. 27 వేల మందిలో ఎందరు పొరబడిరి, ఎందరు బుద్ధిపూర్వకముగా వేసిరి అన్నది ఆ అంకె చెప్పదు. అభ్యర్థిపై అభిమానము, ప్రధాన పార్టీలపై విసుగు, పట్టికలోని స్థానము మొదలైన కారణములు కూడ ఉండవచ్చును. మునుగోడులో రోడ్డు రోలరు గుర్తు ఉన్నను కారు గుర్తే నెగ్గెను. ఎనిమిది గుర్తులను ఒకే గాటను కట్టుట కూడ సరికాదు. రోడ్డు రోలరునకు కింద చక్రములు, పైన కప్పు, పక్క నుండి చూచిన నిడుపాటి దేహము కలవు. మసక చూపులో అది కారును పోలుననుటకు కారణము కనబడును. చపాతీ కర్రలో చక్రమే లేదు. దాని విషయములో పోలికను ఊహించుట కంటె కొలిచి చూచుట మేలు.

ఇక ఓటరుకు భేదము తెలియును అను వాదము. అది సత్యమే, కాని అడిగిన ప్రశ్నకు అది సమాధానము కాదు. రాయి, గింజ భేదము తెలిసిన ఇల్లాలే రాయిని విడిచిపెట్టుచున్నది. పొరపాటు తెలివితక్కువ వలన వచ్చినదైనచో ఓటరును సమర్థించుట గౌరవము. అది కంటి నిర్మాణము వలన, పట్టిక కూర్పు వలన వచ్చినదైనచో ఓటరు తెలివిని పొగడినందువలన ఫలము లేదు, పట్టికను సరిచేయవలెను. న్యాయమూర్తి యైనను, శాస్త్రజ్ఞుడైనను, కూలివాడైనను పక్కచూపు అందరికి మసకయే.

ఈ చిక్కునకు మూలము నియమములోనే ఉన్నది. గుర్తింపు లేని పార్టీ తాను కోరు కొత్త గుర్తు పాత గుర్తులను పోలి ఉండరాదని నిబంధన కలదు. పోలిక అనగా ఏమి? ఎంత పోలినచో పోలినట్లు? ఎవరి కంటికి, ఎంత దూరమున, ఎంత వెలుతురులో? దీనికి కొలమానము చెప్పబడలేదు. కొలత లేని చోట ప్రతి తగవును వాదము మీద, అధికారి అభిప్రాయము మీద తేలవలసి వచ్చును. బొమ్మల పోలికను కొలుచుట కష్టము కాదు. రెండేసి గుర్తులను క్షణకాలము, మసకగా చూపి ఒకటేనా వేరా అని వివిధ వయసుల వారిని అడుగవచ్చును. పట్టికలో ఒక గుర్తును వెదకుమని కాలమును, తప్పులను లెక్కింపవచ్చును. ఏ రెండింటి నడుమ తప్పులు ఎక్కువగునో అవి ఒక జట్టు. ఒక జట్టులోని రెండు గుర్తులను ఒకే నియోజకవర్గములో ఇవ్వరాదని నియమము పెట్టినచో ఏ పార్టీయు న్యాయస్థానమునకు పోనక్కరలేదు; ఏ గుర్తును దేశమంతట నిషేధింపనక్కరలేదు.

జరిగిన మేలు, మిగిలిన పని

పట్టికను తీర్చిదిద్దుటలో జరిగిన మేలును చెప్పకుండుట అన్యాయము. అభ్యర్థులను మూడు భాగములుగా చేయుదురు: గుర్తింపు పొందిన పార్టీలవారు ముందు, నమోదై గుర్తింపు లేని పార్టీలవారు తరువాత, స్వతంత్రులు చివర. ఇందువలన పెక్కుమంది ఓటర్లకు కావలసిన గుర్తు పై వరుసలలోనే దొరకును. వెదకవలసిన మేర తగ్గును. ఎవరికిని ఓటు వేయనిచ్చగింపనివారి కొరకు ఉద్దేశించిన నోటా ఎల్లప్పుడు చివరి వరుసలో ఉండును. చోటు ముందే తెలిసినదానిని వెదకనక్కరలేదు.

ఒకే పేరు గల అభ్యర్థుల చిక్కును తగ్గించుటకు 2015 నుండి ఫొటోలు చేర్చిరి. 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘము ఆ ఫొటోలు రంగులలో ఉండవలెననియు, ముఖము ఫొటో స్థలములో మూడువంతులు నిండవలెననియు, వరుస సంఖ్యలు పెద్దవిగా, దట్టముగా ఉండవలెననియు నిర్ణయించి, బీహారు ఎన్నికల నుండి అమలులో పెట్టెను. సంఖ్యను పెద్దది చేయుట నిస్సందేహముగా మంచిది. రంగు ఫొటో ముఖము తెలిసినవారికి మేలు చేయును. కాని రంగు కంటిని లాగుకొను వస్తువు. రంగుల ఫొటోల సరసన నల్లని గీతల గుర్తు వెలవెలబోవునా అన్నది కొలిచి చూడదగిన ప్రశ్న. అభ్యర్థి ముఖము ఎరుగక గుర్తును మాత్రమే నమ్ముకొని వచ్చిన ఓటరుకు గుర్తే ప్రధానము.

రంగు వెదకుటకు అంత సాయమైనచో గుర్తులకే రంగులు వేయరాదా అని సందేహము కలుగవచ్చును. గ్రీన్, ఆండర్సన్ అనువారు 1956లోనే దీనిని పరీక్షించిరి. వెదకుదానికి రంగు ముందు తెలిసినచో కన్ను ఆ రంగు గల వానినే ముఖ్యముగా చూచుచు పోవును; మిగిలినవి చాలవరకు అడ్డురావు. అయినను ఓటు పట్టికకు ఇది పనికిరాదు. నూరు గుర్తులకు నూరు స్పష్టమైన రంగులు లేవు. ఎరుపు, ఆకుపచ్చల భేదము సరిగా తెలియని పురుషులు ప్రతి సమాజములోను కలరు. యూరపు సంతతిలో వీరు నూటికి సుమారు 8 మంది. పైగా మెరయు రంగు దొరికిన అభ్యర్థికి ఇతరులకు లేని లాభము కలుగును. వెదకువానికి సుఖము చేయబోయి పోటీలో సమానత్వమును చెరుపరాదు. కావున చేయదగినది ఆకారముల నడుమ దూరమును పెంచుట: నిండు నీడబొమ్మలు, తేటయైన అంచులు, గుర్తు చుట్టును చాలినంత ఖాళీ, పోలిన జట్లను విడదీయుట. ఇవి ఎవరి పక్షమును వహింపవు.

బడిలో చేయదగిన ప్రయోగము

ఈ విషయము తరగతిలో పరీక్షింపదగినది. పార్టీల గుర్తుల జోలికి పోనక్కరలేదు. తెలుగు అక్షరములే చాలును. ఒక అట్టపై 'ద' అక్షరములు చెల్లాచెదరుగా వ్రాసి వాని నడుమ ఒక 'థ' వ్రాయవలెను. అక్షరములు మొత్తము 8 ఉన్న అట్ట ఒకటి, 16 ఉన్నది ఒకటి, 32 ఉన్నది ఒకటి సిద్ధము చేయవలెను. ఇదే విధముగా 'థ' ల నడుమ ఒక 'ద' గల అట్టలు మూడు చేయవలెను. ఒక విద్యార్థి అట్టను చూపగా మరియొకడు వెదకి వ్రేలు పెట్టవలెను. మూడవవాడు గడియారముతో కాలమును వ్రాసికొనవలెను. పదిమంది సగటు తీసి, అక్షరముల సంఖ్యను అడ్డగీతపై, కాలమును నిలువుగీతపై గుర్తించి గ్రాఫు గీయవలెను.

అదనపు చుక్క గలదానిని అది లేనివాని నడుమ వెదకుట తేలిక. చుక్క లేనిదానిని ఉన్నవాని నడుమ వెదకుట కష్టము. ఇది ట్రైస్మన్ సిద్ధాంతము నుండి వచ్చు ఊహ. అది తెలుగు అక్షరములలో నిజమగునో కాదో గ్రాఫు వాలు చెప్పును. పిమ్మట అట్టపై పలుచని నూనె కాగితము కప్పి మరల చేసినచో చత్వారము గల తాతగారి కష్టము మనుమనికి అర్థమగును. చివరకు సైకిలు, కెటిలు, గొడుగు, పెట్టె మొదలగు బొమ్మలు పిల్లల చేతనే గీయించి, నూనె కాగితము కింద ఏవి ఏవిగా పొరబడునో పట్టిక వ్రాయించవలెను. గుర్తులను ఎన్నుకొనువారు చేయవలసిన పని చిన్నదిగా అదియే.

చదువురాని వారిని నమ్మి వారికి ఓటు ఇచ్చుట ఈ దేశము చేసిన గొప్ప సాహసము. వారి కొరకు బొమ్మలను కల్పించుట ఆ సాహసమునకు తగిన ఉపాయము. గుర్తు గోడమీద, జెండామీద, కరపత్రముమీద ఒంటరిగా ఉన్నప్పుడు అందరికి తెలియుచునే ఉన్నది. అది నిజముగా ఉపయోగపడవలసినది తెరచాటున, పదహారు బొమ్మల నడుమ, కొలది క్షణముల కాలములో. ఆ క్షణములో ముసలి కన్ను తాను కోరిన గుర్తునే చేరునట్లు చూచుట వాదముల వలన కాదు, కొలతల వలన సాధ్యమగును.